చలికాలపు తేలు తనంతట రాదు, మనమే మోసుకొస్తాం

చలికాలంలో తేళ్లు కదలవని విన్నామనీ, అయినా డిసెంబరులో ఇంట్లో రెండు కనిపించాయనీ, అందులో ఒకటి స్నానాలగదిలో ఉందనీ రాశారు. మీరు విన్నదీ నిజమే, చూసిందీ నిజమే.

మాది కర్నూలు జిల్లాలో కోడుమూరుకు దగ్గరి పల్లె. శ్రావణంలో మూడో సోమవారం కోడుమూరు కొండ మీద రాళ్లెత్తి, తేళ్లను చేత్తో పట్టుకుని కొండలరాయుడికి సమర్పించే జనం మధ్య పెరిగాను. అయినా నాకు తేలంటే భయమే. దానికి కారణం శ్రావణం కాదు, ఒక జనవరి.

ఆ ఏడాది కంది నూర్పిడి అయ్యాక కందికట్టె తెచ్చి పెరట్లో ఇంటి గోడకు ఆనించి వామి వేశాం. స్నానానికి నీళ్లు కాచే పొయ్యి స్నానాలగది పక్కనే ఉంటుంది. తెల్లవారుజామున మా అమ్మ పుల్లల కోసం చీకట్లోనే మోపులో చేయి పెట్టింది. మొదట ముల్లు గుచ్చుకుందనుకుంది. టార్చి తెచ్చి చూస్తే రెండు పుల్లల మధ్య వేలెడు పొడవున ఎర్రటి తేలు, కొండి సగం ముడుచుకుని అలాగే ఉంది. కుట్టిన తర్వాత కూడా పారిపోలేదు. నేను పట్టకారుతో పుల్లను పక్కకు జరిపితే చాలా నిదానంగా, ఒక్కో కాలూ వెతుక్కుంటున్నట్టు కదిలింది.

ఆ నిదానంలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. తేలుకు సొంత ఒంటివేడి లేదు, చుట్టూ ఎంత చలి ఉంటే దాని ఒళ్లూ అంత చల్లబడుతుంది. మా వైపు జనవరి రాత్రులు 17, 18 డిగ్రీలకు దిగుతాయి. ఆ చలికి చావదు, మొద్దునిద్రలోకీ పోదు, మందగిస్తుంది. వేట మానుకుని, పొడిగా, కాస్త వెచ్చగా ఉండే సందు చూసుకుని అక్కడే కూర్చుంటుంది. నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు కాబట్టి దానికి తొందర లేదు. వానాకాలంలో అది తిరుగుతూ మనకు ఎదురవుతుంది, చలికాలంలో మనమే దాని మీద చేయి పెడతాం. కట్టెల మోపు, పిడకల గూడు, అటక మీద నుంచి దించిన బొంత, వరండాలో పదిరోజులుగా వేసుకోని బూట్లు, గోడ వారగా పెట్టిన బస్తాలు చూడండి. చలికి మనం వాడేవాటిలో సగం, తేలు చలికి దాక్కునే చోట్లే.

అమెరికాలో ఫీనిక్స్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు చెప్పేది ఇంకా విచిత్రం. అక్కడి బెరడు తేళ్లు చలికాలంలో ఒకే సందులో ఇరవై, ముప్పై కలిసి ఉంటాయట. మనవాటిలో అంత స్నేహం లేదు, చిక్కితే ఒకదాన్నొకటి తినేస్తాయి. అతినీలలోహిత (యూవీ) కాంతి పడితే తేలు మెరుస్తుందని చెప్పి నాచేత ప్రత్యేకమైన టార్చి కొనిపించింది కూడా వాడే. దొంగనోట్లు పట్టడానికి దుకాణాల్లో వాడే లైటు లాంటిదే. దీపావళి అమావాస్య దాటిన వారంలో, చలి ముదరకముందు, రాత్రి ఎనిమిదింటికి అన్ని దీపాలూ ఆర్పేసి పెరట్లో తిరిగాను. రాతిగోడ సందులో పాత రేడియం గడియారపు ముళ్లలా ఆకుపచ్చగా ఒకటి వెలిగింది. తర్వాత ఇంకొకటి. ఆ ఒక్క గోడకే ఏడు లెక్కపెట్టాను! ఆ రాత్రి నిద్ర పట్టలేదు గానీ, ఎక్కడ సిమెంటు పూయాలో తెలిసింది.

చేసినవాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది కట్టెల చోటు మార్చడం. ఇంటి గోడకు పది అడుగుల దూరంలో నాలుగు రాళ్లు పెట్టి, వాటి మీద బండ పరిచి, ఆ పైన పేర్చాం. రేపటికి కావలసినవి ఈరోజు పగలే తీస్తాం. మోపును బండకేసి రెండుసార్లు కొట్టి, విప్పి, చూసి మరీ తెస్తాం. బొంతలను దించిన రోజే ఎండలో దులుపుతాం. బూట్లు చీలకు వేలాడతాయి, వేసుకునే ముందు బోర్లించి తడతాం.

తర్వాత సందులు. పిల్ల తేలుకు బ్యాంకు కార్డు మందం సందు చాలు. తలుపుల కింద రబ్బరు పట్టీలు, నీళ్లు పోయే తూములకు సన్నటి జాలీలు, గొట్టాలు గోడలోకి వెళ్లేచోట సిమెంటు పెట్టించాం. మీ స్నానాలగదిలో తూముకు జాలీ లేకపోతే ఈరోజే పెట్టండి. నున్నటి గాజును, మెరిసే టైల్‌ను తేలు ఎక్కలేదు. అందుకే పసిపిల్ల పడుకునే మంచం కోళ్లను వెడల్పాటి గాజు సీసాల్లో పెట్టి, మంచాన్ని గోడకు దూరంగా జరిపాం. దుప్పటి నేలకు జారితే మాత్రం ఆ సీసాలు దండగే.

మందు కూడా చల్లించాను. తేళ్లు పెద్దగా చావలేదు గానీ బొద్దింకలు తగ్గాయి. బొద్దింకలే వాటి తిండి కాబట్టి డబ్బు పూర్తిగా వృథా కాలేదు. గుమ్మం మీది బల్బుకు పురుగులు మూగుతుంటే దాన్ని దూరంగా స్తంభానికి మార్చడం అంతకంటే చవక. కోళ్లను పెంచమని చాలామంది సలహా ఇస్తారు. కోడి తేలును తింటుంది, నిజమే. కానీ తేలు తిరిగేది రాత్రి, అప్పటికి కోడి గంపకింద నిద్రపోతుంటుంది.

కుడితే ఏం చేయాలో మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఎండ్రకాయకు ఉన్నట్టు లావు డెక్కలతో నల్లగా భయపెట్టే మండ్రగబ్బ కంటే సన్నటి డెక్కలు, లావు తోక ఉన్న చిన్న ఎర్ర తేలే ప్రమాదం. అమ్మకు అరగంటలోనే ఆ చలిలో చీర తడిసేలా చెమట పట్టింది, వాంతి అయింది, చేతులు మంచులా అయ్యాయి. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే మంత్రం, పసరు, గట్టిగా కట్టు కట్టడం అన్నీ మాని ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లలను కుడితే లక్షణాల కోసం కూడా ఆగకండి. అమ్మకు ప్రజోసిన్ ఇచ్చి రాత్రంతా కనిపెట్టుకుని చూశారు. మామూలుగా రక్తపోటుకు వాడే ఆ మాత్ర ఎర్ర తేలు విషానికి పనిచేస్తుందని 1980లలో చూపించింది మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా ఇంట్లో అంతకుముందే ఆయన పేరు తలుచుకునేవాళ్లం.

ఇంతకీ మీరు స్నానానికి నీళ్లు కట్టెల పొయ్యి మీద కాస్తారా? అలాగైతే ఇల్లంతా వెతికే ముందు ఆ కట్టెలు ఎక్కడ పేర్చారో చూడండి. పగటిపూట, పట్టకారుతో.