అవార్డు వచ్చిందన్నారు గానీ

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఉద్యోగం పోయి కోర్టుల చుట్టూ తిరిగిన కార్మికుడి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను, అందుకే మార్జిన్ల నిండా గీతలు. కంగారు పడకు. నా మొదటి వ్యాసాన్ని మా సీనియరు గారు చదవకుండానే చెత్తబుట్టలో వేశారు. ఆ లెక్కన నేను మర్యాదస్తుణ్ణే.

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడు" అని మొదలుపెట్టావు. కోర్టుల గురించి తెలుగులో రాసే ప్రతివాడూ ఈ సామెత గుమ్మంలోంచే లోపలికొస్తాడు. నేనూ వచ్చాను. అది తీసెయ్. నీ కార్మికుడు ఎన్నాళ్లు తిరిగాడో మూడు పేజీలు చదివినా నాకు తెలియలేదు. "ఏళ్ల తరబడి" అంటే ఎన్నేళ్లు? మెమో ఎప్పుడిచ్చారు, కంపెనీ లోపల జరిపే డొమెస్టిక్ ఎంక్వైరీ ఎప్పుడు ముగిసింది, డిస్మిస్ ఆర్డరు తేదీ ఏది, కోర్టులో జవాబు, అదే కౌంటరు, వేయడానికి మేనేజ్‌మెంటు ఎన్ని వాయిదాలు తీసుకుంది? ఇవి వరసగా రాసెయ్. "దారుణం", "అమానుషం" అన్న మాటలు చదివేవాడే అనుకుంటాడు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో, పేరెందుకులే, ఫిట్టరుగా చేసిన ఆయన తొమ్మిదేళ్లు తిరిగి లేబర్ కోర్టులో గెలిచాడు. మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమన్నారు, ఉద్యోగం లేని కాలానికి రావాల్సిన పాత జీతంలో సగం ఇమ్మన్నారు. లేబర్ కోర్టు ఇచ్చే తీర్పుని అవార్డు అంటారు కదా. "అవార్డు వచ్చింది" అని ఇంట్లో చెబితే, శాలువా కప్పారా అని పక్కింటివాళ్లు అడిగారట. నేను 'న్యాయం గెలిచింది' అని హెడ్డింగు పెట్టి రాశాను. కొన్నాళ్లకి ఆయన ఆ పేపరు మడిచి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "గెలిచానని మీరే రాశారు కదా సార్. మరి డ్యూటీకి ఎప్పుడెళ్లాలి?" అప్పటికే మేనేజ్‌మెంటు వాళ్లు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి, అవార్డు అమలు కాకుండా హైకోర్టులో స్టే తెచ్చేసుకున్నారు. (మన హైకోర్టు అప్పుడక్కడే. 2019 జనవరిలో అమరావతికి వచ్చింది.)

స్టే సంగతి నాకు తెలియకపోవడం చిన్న తప్పు. పెద్దది ఇంకొకటి ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 17బి అని ఒక సెక్షన్ ఉండేది. ఉద్యోగంలోకి తీసుకోమన్న అవార్డు మీద యజమాని హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళితే, అక్కడ తేలేదాకా కార్మికుడికి ఆఖరున తీసుకున్న జీతం ఇస్తూ ఉండాలి. అతను వేరే చోట పని చేయకుండా ఉండి, ఆ మాట అఫిడవిట్‌లో రాసి కోర్టులో వేయాలి. నా వ్యాసంలో ధర్మం ఉంది, రాజ్యాంగం ఉంది, ఆ అఫిడవిట్ ముక్క మాత్రం లేదు. ఆయనకి ఇంకెవరూ చెప్పలేదు. వేయడానికి ఏడాది పట్టింది. తొమ్మిదేళ్ల కిందటి జీతంతో ఎన్ని రోజుల బియ్యం వస్తాయన్నది వేరే సంగతి, అయినా ఏడాది ముందే ఆ ఇంటికి చేరాల్సిన డబ్బు అది.

అందుకే నీ వ్యాసంలో ఒక వాక్యం కింద ఎర్రగీత గీశాను. డిస్మిస్ అయినవాడికి లేబర్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువుందని రాశావు. 2010 సవరణ చూస్తే అది నిజమే. కానీ 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ గడువు రెండేళ్లే. నీ రాత నమ్మి ఒకడు తాపీగా రెండున్నరేళ్లకు వెళితే ఏమవుతాడు? ఇంకో సంగతి. ప్రభుత్వం వివాదాన్ని కోర్టుకు పంపేదాకా (రిఫర్ చేసేదాకా) ఆగక్కర్లేకుండా, ఉద్యోగం పోయినవాడు తనే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే దారి 2010లో వచ్చిందన్నావు. దేశం మొత్తానికి అప్పుడే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1987లోనే రాష్ట్ర సవరణతో వచ్చింది. ఇలాంటివి వదిలేస్తే విశాఖలో కూర్చుని రాసినా ఢిల్లీలో రాసినట్టే ఉంటుంది.

ఇక 'అతి లిటిగేషన్' అన్న నీ హెడ్డింగు. ఆ మాటతో జాగ్రత్త. ఇంగ్లీషులో అది ఉత్త కోర్టు వ్యవహారం, మన నోట్లో పడ్డాక తిట్టయింది. "వాడొట్టి లిటిగేషన్ మనిషి" అంటే పిల్లనివ్వరు. ఫైలు లావు చూసి కార్మికుణ్ణి ఆ మాట అనకు. అతను వేసింది ఒక్కటే కేసు. దాని మీద హైకోర్టులో రిట్టు, ఆపైన అప్పీలు, ఆపైన సుప్రీంకోర్టు, అన్నీ అవతలివాళ్లవే. 2013లో మహారాష్ట్ర టీచరు దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: కేసు తేలడానికి చాలా ఏళ్లు పట్టిందన్న ఒక్క కారణంతో పాత జీతం ఎగ్గొట్టడం అన్యాయం. ఆ తీర్పు మొత్తం చదువు, పైన అచ్చేసే సారాంశం, అదే హెడ్‌నోట్‌తో సరిపెట్టకు.

అలాగని ఒక కన్నే తెరిచి చూడకు. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపాయన నాకు తెలుసు. ఎక్కువ జీతమొస్తోందని కుర్రాడు తనే మానేసి వెళ్లాడు. ఆ ఉద్యోగమూ నిలవక, ఇక్కడే తీసేశారని నోటీసు పంపాడు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ణి తీసేయాలంటే నెల నోటీసు, సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. ఈయన దగ్గర హాజరు రిజిస్టరూ లేదు, రాజీనామా కాగితమూ లేదు. కుర్రాడు అడిగినదానికన్నా ప్లీడరుకే ఎక్కువైంది. మొండితనంతో ముదిరిన కేసులకన్నా, కాగితం రాసుకోని బద్ధకంతో ముదిరినవే నేను ఎక్కువ చూశాను. దీని గురించి ఎవరూ రాయరు, కోపం తెప్పించే కథ కాదు కదా.

జడ్జీల గురించి నీకు భయమెక్కువున్నట్టుంది. తేలిపోయిన కేసులో తీర్పు తప్పని న్యాయంగా విమర్శిస్తే కోర్టు ధిక్కారం కాదని 1971 చట్టమే చెబుతోంది. జడ్జికి దురుద్దేశం అంటగట్టకు, చాలు. భయపడాల్సింది నీ రెండో ఉదాహరణకి. ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదు అది. 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులో ఏముందో, ఎవరు చేశారో, ఎవరి మీద చేశారో బయటపెట్టకూడదు. పేరు రాయలేదు నిజమే, డిపార్టుమెంటు, హోదా, ఏ అంతస్తో కూడా రాశాక పేరు దాచి ఏం లాభం? ఆ పేరా మొత్తం కొట్టేశాను.

తిరగరాసే ముందు లేబర్ కోర్టులో ఒక పూట కూర్చో. అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే అక్కడ లాయరు నిలబడగలడు. అందుకే యూనియన్ పెద్దలే ఫైళ్లు చంకన పెట్టుకుని వచ్చి వాదిస్తుంటారు. లా కాలేజీలో నీకు చెప్పనివి వాళ్లు టీ తాగుతూ చెబుతారు. "ఏటి బాబూ, మళ్లీ పై నెలకేనా?" అని గుమాస్తాని అడిగేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల కేసు నంబరులో ఏ సంవత్సరం ఉందో చూసి రాసుకో.

సోమవారం వస్తానంటే నేనూ వస్తాను. పదిన్నరకల్లా వచ్చెయ్, ఆలస్యమైతే బెంచీ మీద చోటు దొరకదు.