ర్యామ్ పెంచితే తీరే జబ్బు కాదిది

ప్రశ్న: పలాసలో మాది జీడిపప్పు వ్యాపారం. తెలిసిన అబ్బాయి సీ ప్లస్ ప్లస్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాడు. పొద్దున్న బాగానే నడుస్తుంది, మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. ర్యామ్ 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచాం, ఇప్పుడు సాయంత్రానికి ఆగుతోంది. పార్టీ చిరునామా పొడుగ్గా కొడితే ఒక్కోసారి దానంతటదే మూసుకుపోతుంది. ఏం చేయాలి?

జవాబు: ఇక ర్యామ్ మీద రూపాయి పెట్టకండి. టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రోగ్రామ్ ఎదురుగా ఉన్న మెమరీ అంకె చూడండి. బిల్లు బిల్లుకీ పెరుగుతూ, పని లేనప్పుడు కూడా తగ్గకపోతే అది మెమరీ లీకే. తీసుకున్న మెమరీని కోడ్ తిరిగి ఇవ్వడం లేదు. ప్రోగ్రామ్ మూయగానే విండోస్ అంతా వెనక్కి లాక్కుంటుంది కాబట్టి మళ్లీ తెరిస్తే బాగుంటుంది. బొబ్బిలి, రాజాం నుంచి కూడా ఇదే ఫిర్యాదు వస్తోంది. ప్రతిచోటా ముందు ర్యామే అమ్ముతున్నారు!

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన మాట. చిరునామాకి 30 అక్షరాల చోటు ఉంచి, మీరు 60 కొట్టినా కొలవకుండా లోపలికి తోసేస్తే, మిగతావి పక్కనున్న డేటా మీద పడతాయి. పక్కన ఆ పార్టీ బాకీ అంకె ఉంటే, ప్రోగ్రామ్ మూసుకుపోకుండానే అది మారిపోవచ్చు. గిట్టనివాడు ఆ పొంగిన అక్షరాల్లోనే తన కోడ్ పెట్టి మీ కంప్యూటర్లో నడిపించొచ్చు కూడా. 1988లో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి దానంతటదే పాకి ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రామ్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. వచ్చిన అక్షరాల పొడవు చూడకుండా లోపలికి తీసుకునే గెట్స్ అనే సీ ఫంక్షన్ వల్ల ఆ లోపం వచ్చింది.

ఆ గెట్స్‌ను సీ భాష 2011 ప్రమాణం నుంచే తీసేశారు. అయినా మన జిల్లాల ఇంజినీరింగ్ పిల్లలు నాకు పంపే ల్యాబ్ ప్రోగ్రాముల్లో ఇంకా కనిపిస్తోంది. మెమరీ తీసుకునే మాలాక్ ఉంటుంది, తిరిగి ఇచ్చే ఫ్రీ ఉండదు. ఔట్‌పుట్ వస్తే మార్కులు వేసేస్తున్నారు. క్షణంలో ముగిసే ప్రోగ్రాములో లీక్ ఎవరికి కనబడుతుంది? ఆ అలవాటే పొద్దంతా నడవాల్సిన మీ బిల్లింగ్‌లోకి వచ్చింది. నేర్పేవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకోవడం నాకు మింగుడుపడదు.

మీ అబ్బాయిని, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ అనే సాధనాన్ని ఆన్ చేసి కంపైల్ చేయమనండి. ఆ పొడుగు చిరునామానే కొడితే, కోడ్‌లో ఏ లైన్లో హద్దు దాటిందో అది చాలాసార్లు చూపిస్తుంది. ఇన్నే అక్షరాలని చోటు కట్టే క్యారెక్టర్ అర్రేల బదులు అవసరాన్ని బట్టి పెరిగే స్ట్రింగ్, మెమరీ తీసుకుని ఇవ్వడానికి చేత్తో రాసే న్యూ, డిలీట్‌ల బదులు ఆ పని తామే చూసుకునే వెక్టర్, స్మార్ట్ పాయింటర్లు వాడమనండి. లీకులు కూడా చాలావరకు అక్కడే పోతాయి. అంతవరకు బయటివాళ్లు పంపిన ఆర్డర్ ఫైళ్లను ఆ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించకండి. బాకీలను ఒకసారి కాగితం లెక్కతో సరిచూసుకోండి.