బారెల్ పగిలితే తప్పంతా ట్యాంక్ కమాండర్‌దేనా?

ప్రశ్న: మావారు ఆర్మీలో, ఒక ఆర్మర్డ్ రెజిమెంటులో దఫేదార్. 22 ఏళ్ల సర్వీసు. టీ-72 ట్యాంకుకు కమాండర్. నెల కిందట ఫైరింగ్‌లో గన్ బారెల్ పగిలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (ఆర్మీ లోపలి విచారణ) వేశారు. నాయిబ్ రిసాల్దార్ ప్రమోషన్ బోర్డు దగ్గర్లోనే ఉంది. జీతంలోంచి రికవరీ పెడతారని, 28 రోజులు లోపల వేస్తారని తోటివాళ్లు భయపెడుతున్నారట. మా వీధిలో నేవీలో చేసి రిటైరైన ఒకాయన, విశాఖ కోర్టులోనే స్టే తెచ్చుకోవచ్చంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: స్టే సంగతి ముందు తేల్చేద్దామమ్మా. సర్వీసు వివాదాలు విశాఖ సివిల్ కోర్టు పరిధిలోకి రావు. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం, 2007లోని సెక్షన్ 33 ఆ దారి మూసేసింది. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ట్రిబ్యునల్ చెన్నై బెంచి. అక్కడికైనా ఇప్పుడే వెళితే, సవాలు చేయడానికి ఆర్డరేదీ అని అడుగుతారు. పైగా మీ వీధిలో ఆయనకు తెలిసింది 1957 నాటి నేవీ చట్టం. మీవారికి వర్తించేది 1950 నాటి ఆర్మీ చట్టం. మన ఊళ్లో యూనిఫాం అంటే నేవీయే కాబట్టి ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

ఇక 28 రోజుల భయం. కమాండింగ్ ఆఫీసర్ ఆర్మీ చట్టం సెక్షన్ 80 కింద జవానుకు 28 రోజుల దాకా కస్టడీ వేయగలరన్న మాట నిజమే. కానీ దఫేదార్ ఎన్‌సీఓ (నాన్ కమిషన్డ్ ఆఫీసర్). ఇన్‌ఫాంట్రీలో హవల్దార్‌తో సమానం. ఆ కస్టడీ శిక్షలు ఎన్‌సీఓకు వేయకూడదని సెక్షన్ 81 స్పష్టంగా చెప్పింది. ఆయనకు వేయదగినవి సివియర్ రెప్రిమాండ్, రెప్రిమాండ్ వంటివి. పేరుకు మందలింపే గానీ, సివియర్ రెప్రిమాండ్ రెడ్ ఇంక్ ఎంట్రీగా, అంటే ఎర్ర సిరాతో రాసే శిక్షగా రికార్డుకెక్కితే ప్రమోషన్‌కు అదే అడ్డం. తోటివాళ్లు చెప్పని ప్రమాదం ఇంకోటి ఉంది, సమ్మరీ కోర్ట్ మార్షల్, అంటే కమాండింగ్ ఆఫీసరే విచారించి శిక్ష వేసే సైనిక కోర్టు. జేసీఓలైన (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) నాయిబ్ రిసాల్దార్, రిసాల్దార్, రిసాల్దార్ మేజర్‌లను దాని ముందు నిలబెట్టడానికి వీల్లేదు. దఫేదార్‌కు సెక్షన్ 120లో ఆ రక్షణ లేదు.

రికవరీకి సెక్షన్ 91లో వీలుంది. అయితే డిస్మిస్ శిక్ష పడితే తప్ప, ఇలాంటి కోతలు ఏ నెలలోనూ జీతభత్యాల్లో సగానికి మించకూడదని సెక్షన్ 94 హద్దు గీసింది.

అసలు కేసు ఇప్పుడు జరుగుతున్న ఎంక్వైరీలోనే ఉంది. స్టేల గురించి ఆలోచిస్తూ దీన్ని వదిలేస్తే తర్వాత ఏ ట్రిబ్యునలూ పూర్తిగా సరిదిద్దలేదు. ఆర్మీ రూల్స్, 1954లో రూల్ 180 అని ఉంది. ఒకరి నడవడికి గానీ సైనికుడిగా ఆయన పేరుకు గానీ మచ్చ తెచ్చే ఎంక్వైరీ అయితే, ఆయన మొదటి నుంచి చివరి దాకా ఎదురుగా కూర్చోవచ్చు, సాక్షులను క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయవచ్చు, తన సాక్షులను పిలిపించుకోవచ్చు. మామూలుగా జరిగే తప్పేమిటంటే, మనిషిని సాక్షి అని పిలిచి స్టేట్‌మెంట్ రాయించుకుని పంపేస్తారు. చివర్లో తప్పు ఆయన మీదే తేలుతుంది. అందుకే, రూల్ 180 తనకు వర్తింపజేయాలని ఎంక్వైరీ నడిపే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు మీవారు రాతపూర్వకంగా అడగాలి. అలా అడిగినట్టు ప్రొసీడింగ్స్‌లో ఎక్కాలి. లాయర్‌ను వెంట తీసుకెళ్లే వీలు రూల్‌లో లేదు. క్రాస్ ఆయనే చేయాలి. కాబట్టి ఏం అడగాలో చెబుతాను.

టీ-72లో ముగ్గురే ఉంటారు: కమాండర్, గన్నర్, డ్రైవర్. 125 ఎంఎం గుండు నింపేది ఆటోలోడర్. బారెల్ పగలడానికి సాధారణంగా మూడు కారణాలు. మొదటిది అడ్డం, అంటే బారెల్‌లో మట్టో ఇసుకో, తుడిచి మరిచిపోయిన గుడ్డో ఉండటం. రెండోది గుండు బయటికి రాకముందే లోపలే పేలడం, ఫ్యూజు చెడ్డదైతే ఇలా అవుతుంది. మూడోది బారెల్ ఆయుష్షు తీరి అరిగిపోవడం లేదా పగులు పట్టడం. వీటిలో కమాండర్ నెత్తికి నేరుగా వచ్చేది మొదటిదే. ఫైరింగ్‌కు ముందు బోర్ (బారెల్ లోపలి గొట్టం) శుభ్రంగా, ఖాళీగా ఉందని చూసుకోవడం ఆయన డ్యూటీ. ఆ చెకింగ్ ఎప్పుడు చేశారో, ఎవరు చూశారో చెప్పడానికి గన్నర్‌ను సాక్షిగా పిలిపించుకోవాలి. రెండోదైతే ఆ మందుగుండు లాట్ (తయారీ బ్యాచ్) నంబరు అడగాలి. అదే లాట్‌పై ఫిర్యాదులున్నాయా, ఎక్కడ ఎలా నిల్వ చేశారు అన్నవి ఆయన చేతిలో లేని విషయాలు. మూడోదైతే గన్ హిస్టరీ షీటు తెప్పించమనాలి. ఎన్ని రౌండ్లు కాల్చారో, బారెల్ ఆయుష్షు ఎంత మిగిలిందో అందులో ఉంటుంది. చివరిసారి ఈఎంఈ (ఆర్మీ మరమ్మతు విభాగం) వాళ్లు ఎప్పుడు చూశారో, ఏం రాశారో కూడా అడగాలి. పగిలిన ముక్కలను నిపుణులు పరీక్షించకుండానే అడ్డమే కారణమని రాస్తే, దానికి అభ్యంతరం అప్పుడే నమోదు చేయించాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ కాగితాల ఫొటోలు వాట్సాప్‌లో మీకు పంపమనకండి, నాకూ పంపవద్దు. అధికార రహస్యాల చట్టం, 1923 అనే కొత్త కేసు నెత్తికెత్తుకోవడం దేనికి? అక్కడే ఎంక్వైరీకి తెప్పించమని అడిగితే చాలు.

ప్రమోషన్ విషయానికొస్తే, బోర్డు చూసేది గత ఏసీఆర్‌లు (ఏటా పై అధికారి రాసే పనితీరు నివేదికలు), మెడికల్ కేటగిరీ, క్రమశిక్షణ రికార్డు, పాసైన ప్రమోషన్ కేడర్ (ప్రమోషన్ కోర్సు), చదువు. పాలసీలు మారుతుంటాయి. బోర్డు రోజున అమల్లో ఉన్న పాలసీ కాపీ తీసుకోండి. అహ్మద్‌నగర్, అంటే ఇప్పటి అహల్యానగర్‌లో ఉన్న ఆర్మర్డ్ కోర్ రికార్డ్స్‌కు సమాచార హక్కు కింద అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువుంది. క్రమశిక్షణ చర్య నడుస్తున్నంత కాలం ప్రమోషన్ ఆపుతారు. నిర్దోషిగా తేలితే పాత సీనియారిటీనే ఇమ్మని అడగవచ్చు. ఇంకో లెక్క కూడా చూసుకోండి. దఫేదార్‌కు సర్వీసు 24 ఏళ్లు, స్క్రీనింగ్‌లో నెగ్గితే మరో 2 ఏళ్లు. నాయిబ్ రిసాల్దార్ అయితే 26, ఆపై 2. రెడ్ ఇంక్ ఎంట్రీ పొడిగింపునూ దెబ్బతీయవచ్చు, కాబట్టి దాన్ని వదిలేయకండి.

ఎంక్వైరీ ఫలితం వ్యతిరేకంగా వస్తే, ఆర్మీ చట్టం సెక్షన్ 26 కింద ఫిర్యాదు పెట్టాలి. దానిపై తుది ఆర్డరు వచ్చిన 6 నెలల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఫిర్యాదు పెట్టి 6 నెలలైనా జవాబు రాకపోతే, అక్కడి నుంచి మరో 6 నెలల గడువు ఉంటుంది. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి. ఫిర్యాదు మీవారి సంతకంతోనే వెళ్లాలి. మీరు ఢిల్లీకి రాసే ఉత్తరం సెక్షన్ 26 ఫిర్యాదు కింద లెక్కకు రాదు, గడువూ దానితో మొదలవదు. పెట్టిన రోజే రసీదు సంతకం తీసుకుని, ఆ కాపీ ఒకటి గాజువాకలో మీ దగ్గర ఉంచమనండి.