ఏఐ బ్రాంచి అయితే గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయికి విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ (మెషీన్ లెర్నింగ్) సీటు వచ్చింది. నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తాని. ల్యాప్‌టాప్ కోసం 50 వేలు పక్కన పెట్టాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మాత్రం ‘ఏఐ చదవాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాలి మామయ్యా, 90 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి’ అంటున్నాడు. షాపులోనూ అదే మాట. మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెడదామా అని ఆలోచిస్తున్నాను. రెండూ పోల్చి ఏది తీసుకోవాలో చెప్పండి. - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: గొలుసు జోలికి వెళ్లకండి. ముందు ఆ మాట చెప్పేశాను కాబట్టి మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

సీట్లు వచ్చాక, క్లాసులు మొదలయ్యేలోపు ఏటా నాకు ఇదే ప్రశ్న వస్తుంది. పైకి అడిగేది ల్యాప్‌టాప్ గురించి. లోపలున్న బెంగ వేరు. ‘ఇంత ఖర్చు పెట్టి అందరూ మంచిదంటున్న బ్రాంచిలో చేర్చాం, మా చేతిలో డబ్బు తక్కువై పిల్ల వెనకబడిపోతుందేమో’ అని. ఆ బెంగ మీ ముఖంలో కనపడగానే షాపువాడు 90 వేల పెట్టె కిందికి దించుతాడు. అతని వ్యాపారం అతనిది, తప్పు పట్టను.

మొదటి ఏడాది మీ అమ్మాయి ల్యాబులో రాసేది సీ ప్రోగ్రాములు. ఆ తర్వాత డేటా స్ట్రక్చర్స్, పైథాన్, డేటాబేస్. వీటిలో దేనికీ గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు. మెషీన్ లెర్నింగ్ సిలబస్‌లోకి వచ్చాక కూడా మొదట చేసేవి చిన్న చిన్న డేటా పట్టికల మీద లెక్కలే. మామూలు ప్రాసెసర్ వాటిని సునాయాసంగా చేస్తుంది.

నిజంగా జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డులోని చిప్, కావాల్సి వచ్చేది డీప్ లెర్నింగ్ అనే భారీ లెక్కల పాఠాల దగ్గర. అక్కడ మీ మేనల్లుడు చెప్పని సంగతి ఒకటుంది. 90 వేల దరిదాపుల్లో దొరికే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఉండేది ఆర్‌టీఎక్స్ 3050 లేదా 4050 లాంటి కార్డు. దాని సొంత మెమరీ 4 నుంచి 6 జీబీ. ఇంటర్నెట్‌లో గూగుల్ కంప్యూటర్లను వాడుకోనిచ్చే కోలాబ్‌లో బ్రౌజర్‌లోనే ఉచితంగా ఇచ్చే టీ4 జీపీయూ మెమరీ 16 జీబీ. కాగిల్ (Kaggle) సైట్‌లో కూడా జీపీయూను వారానికి సుమారు 30 గంటలు ఉచితంగా వాడుకోవచ్చు. కోలాబ్‌లో రద్దీగా ఉన్నప్పుడు జీపీయూ దొరకదు, మధ్యలో తెగిపోతుంది, ఆ విసుగు ఉంది. అయినా బీటెక్ ప్రాజెక్టుకు అది చాలు. పెద్ద ఏఐ మోడళ్లయితే మీరు కొనే 6 జీబీ కార్డులోనూ పట్టవు.

గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు రెండు కిలోల పైనే ఉంటుంది. దాని చార్జరు ఇటుకరాయంత. క్లాసులో ప్లగ్ పాయింటు దొరక్కపోతే బ్యాటరీ రెండు మూడు గంటల్లో ఖాళీ. రోజూ గుంటూరు నుంచి కాలేజీ బస్సులో వెళ్లి వచ్చే పిల్ల భుజానికి అది తగిలించడం ఏం న్యాయం? మన ఎండల్లో, ఏసీ లేని గదిలో దాని ఫ్యాను మోత సరేసరి. గేమ్ డెవలప్‌మెంట్, త్రీడీ, వీడియో ఎడిటింగ్ వైపు వెళ్లేవాళ్లకు ఆ కార్డు కావాలి, కాదనను. మీ అమ్మాయి అటు వెళ్తానందా?

ఇప్పుడు మీరు అడగని విషయం. ఏఐ-ఎంఎల్ అన్న పేరు మీద నాకు కొన్ని అనుమానాలున్నాయి. సీటు వచ్చేసింది కాబట్టి మార్చమనడం లేదు, భయపడమనీ కాదు. కానీ ఆ పేరు చూసుకుని ఖర్చులు పెంచుకోకండి. వసతులున్న కాలేజీల్లో ఒక్కో బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితిని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. మన చుట్టుపక్కల కంప్యూటర్ సెక్షన్లు ఎలా పెరిగాయో మీరూ చూస్తూనే ఉన్నారు. సెక్షన్లు పెంచినంత తేలికగా ఏఐ చెప్పగలిగే అధ్యాపకులు దొరకరు. మొదటి రెండేళ్లూ మామూలు సీఎస్‌ఈకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ఎక్కువగా అడిగేదీ కోడింగ్, ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్సే. మీ బ్రాంచి పేరులో ఏఐ ఉందా అని అడిగే ఇంటర్వ్యూలు అరుదు. నిజంగా ఏఐలో నిలబడాలంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా రావాలి. ఇంటర్‌లో లెక్కలంటే ఇష్టంగా చేసిందా, బట్టీ పట్టి గట్టెక్కిందా? నేనైతే ల్యాప్‌టాప్ కన్నా ముందు అది కనుక్కుంటాను.

కాస్త కటువుగా ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మేనల్లుడి మాట ఉంది, షాపువాడి మాట ఉంది, మీ ఆవిడ గొలుసు ఉంది. నాలుగేళ్లు ఆ మెషీన్ ముందు కూర్చోవాల్సిన పిల్ల ఏమందో ఒక్క ముక్క లేదు. బ్రాంచి కూడా ఇలాగే ఎంచారేమోనని నా అనుమానం. పైగా గొలుసు తాకట్టు పెట్టి కొంటే ఆ సంగతి ఇంట్లో ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు. ఫస్ట్ సెమ్‌లో ఒక సబ్జెక్టు పోతే చాలు, ‘గొలుసు పెట్టి కొనిచ్చాం’ అనే మాట వచ్చేస్తుంది. ఆ బరువు మోస్తూ ఏ పిల్లా కోడింగ్ నేర్చుకోలేదు. రూపాయి వెతుక్కునే ఇల్లయితే ఆ రూపాయి ఎక్కడ పెట్టాలో ఆ పిల్లకే చెప్పి అడగండి. పద్దెనిమిదేళ్ల పిల్ల, అర్థం చేసుకుంటుంది.

ఇక కొనడం. 50 వేలలో మీరు పట్టుబట్టాల్సింది ర్యామ్ దగ్గర. 16 జీబీ ఉంటే నాలుగేళ్లూ నిశ్చింత. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి కాబట్టి మీ బడ్జెట్‌లో 16 జీబీ దొరకడం ఇదివరకంత సులువు కాదు. దొరక్కపోతే 8 జీబీ ఉండి, ఇంకో ర్యామ్ వేసుకోవడానికి ఖాళీ స్లాట్ ఉన్నది చూడండి. కొన్ని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచడానికి వీలుండదు. షాపులో డెమో పీసు మీద టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కమనండి. స్లాట్స్ యూజ్డ్ అన్నచోట రెండులో ఒకటి అని కనిపిస్తే, స్పెసిఫికేషన్ షీటులోనూ అదే ఉందేమో సరిచూసుకుని తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు.

ప్రాసెసర్ దగ్గర ఒక చిక్కుంది. పెద్ద నంబరుంటే కొత్తదనుకుంటాం. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కనే పెడతారు, నంబరులో తేడా ఒక్క అంకె. మొదటిది పాత జెన్ 2 డిజైన్, కోర్లు (ఏకకాలంలో పని చేసే భాగాలు) నాలుగు. రెండోది జెన్ 3, కోర్లు ఆరు. రైజెన్ తయారు చేసే ఏఎండీ వాళ్ల 7000 సిరీస్‌లో మూడో అంకె చూస్తే డిజైన్ ఏ తరానిదో తెలిసిపోతుంది. ఇంటెల్‌లో అయితే 12వ తరం లేదా ఆ తర్వాతి ఐ5 బాగుంటుంది. సెలెరాన్, ఎన్100 లాంటివి ఎంత చవకైనా వద్దు.

అసలు 50 వేలు కూడా కష్టంగా ఉంటే, కంపెనీలు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటివి రీఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. గట్టి మెషీన్లు. ఇంటెల్ 8వ తరం కన్నా పాతది మాత్రం తీసుకోకండి. విండోస్ 11 అధికారికంగా దానికి రాదు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. బ్యాటరీ ఎంతసేపు వస్తోందో అక్కడే వాడి చూడండి, షాపువాళ్లతో వారంటీ రాయించుకోండి.

తొందరేమీ లేదు. క్లాసులు మొదలై రెండు మూడు వారాలు గడవనివ్వండి. కాలేజీవాళ్లు ఏమైనా ప్రత్యేకంగా అడుగుతున్నారేమో, సీనియర్లు ఏం వాడుతున్నారో అమ్మాయే కనుక్కుంటుంది. ఈలోగా ల్యాబు ఎలాగూ ఉంది. కాలేజీ మెయిల్ ఐడీ వచ్చాక కొంటే స్టూడెంట్ డిస్కౌంటు కూడా అడగొచ్చు.

కొనే రోజు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. ఆన్‌లైన్ ధరా, షాపు ధరా చూసుకోండి. వెయ్యి, రెండు వేల తేడా అయితే షాపులోనే కొనండి, సర్వీసు సెంటరు గుంటూరులోనో విజయవాడలోనో ఉన్న కంపెనీదే. జీఎస్టీ బిల్లు అడగండి. విండోస్ లేని డాస్ మోడల్ చవగ్గా వస్తుందంటే ఒప్పుకోకండి, విండోస్ వేసి ఉన్నదే తీసుకోండి. పెట్టె అక్కడే విప్పించి, ఆన్ చేయించి, కీబోర్డు మీద అమ్మాయిని కాసేపు టైప్ చేయనివ్వండి. పెట్టె మీది సీరియల్ నంబరూ బిల్లు మీదిదీ ఒకటేనా చూసుకుని, అప్పుడు డబ్బు కట్టండి.