జేమ్స్ డి మిల్ నవల హగ్గార్డ్‌కి కాపీయా?

కెనడా రచయిత డి మిల్ నవల ‘ఎ స్ట్రేంజ్ మాన్యుస్క్రిప్ట్ ఫౌండ్ ఇన్ ఎ కాపర్ సిలిండర్’ రీప్రింట్ చదివిన ఒకరు, ఇది ఇంగ్లిష్ రచయిత రైడర్ హగ్గార్డ్ సాహస నవల ‘షీ’ని చూసి రాసిందేనా అని అడిగారు. కాదు. తేదీలు చూస్తే చాలు. ‘షీ’ పుస్తకంగా వచ్చింది 1887లో, ఇది 1888లో. అందుకే అప్పట్లోనూ కొందరు కాపీ అనుకున్నారు. కానీ డి మిల్ 1880లోనే చనిపోయాడు! కెనడాలోని హాలిఫాక్స్‌లో కాలేజీ పాఠాలు చెబుతూ, పిల్లల సాహస కథల నుంచి హాస్య నవలల దాకా చకచకా రాసిపడేసిన మనిషి. ఇది మాత్రం ఆయన పోయాక, పేరు కూడా లేకుండా అచ్చయింది.

కథ సరదాగానే మొదలవుతుంది. గాలి ఆగిపోయి నడిసముద్రంలో నిలిచిపోయిన ఓడలో నలుగురికి ఒక రాగి గొట్టం దొరుకుతుంది. అందులోని రాతప్రతిలో దక్షిణ ధ్రువం దగ్గర బతికే కోసెకిన్లు అనే జనం గురించి ఉంటుంది. వాళ్లకి చీకటంటే ఇష్టం, చావంటే గౌరవం, కటిక పేదవాడే అందరికంటే గొప్పవాడు. ఆస్తి అంటగట్టబోతే వాళ్లకి టెన్షన్! వెటకారం అక్కడే ఉంది, కథలో వచ్చే రాక్షస జంతువుల వేటలో కాదు.

1969లో న్యూ కెనడియన్ లైబ్రరీ అనే పుస్తకాల సిరీస్ వాళ్లు దీన్ని మళ్లీ వేశారు. కొనేటప్పుడు ముందుమాట ఉన్న ప్రతే తీసుకోండి.