తెలియనిది తెలియదనే చెప్పండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడర్‌ని. నా కింద పదకొండు మంది ఉన్నారు. ప్రాజెక్టులు తగ్గాయంటూ సంస్థ ఇప్పటికే రెండు విడతలుగా కొందరిని తీసేసింది. మూడో విడత కూడా ఉందని పుకారు. మా టీమ్‌లో ఒకమ్మాయి కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇంకొకతను పని లేకపోయినా రాత్రి తొమ్మిది దాకా సీటు వదలడు. ‘జాబితాలో నా పేరుందా?’ అని అడిగిన ప్రతివాళ్లకూ ‘ఏమీ కాదు, ధైర్యంగా ఉండండి’ అంటున్నాను. నిజానికి నాకూ ఏమీ తెలియదు. ఆ చిరాకంతా ఇంటికొచ్చి పిల్లల మీద చూపిస్తున్నాను. వీళ్లకు నేనెలా సాయపడాలి? – ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ ‘ఏమీ కాదు’ అనడం మానేయండి. మంచి మనసుతోనే అంటున్నారు, కాదనను. కానీ రెండు విడతలు కళ్లారా చూసినవాళ్లకు అది ఊరడింపుగా వినిపించదు. రేపు మీ టీమ్‌లో ఒక్కరిని తీసేసినా, మిగిలినవాళ్లు ఇక మీ మాట దేన్నీ నమ్మరు.

ఉద్యోగం పోవడం ఎంత కష్టమో, పోతుందేమోనని రోజూ బిక్కుబిక్కుమంటూ గడపడమూ అంతే కష్టం. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యంపై 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో ఇది బయటపడింది. ఒక విభాగాన్ని ప్రైవేటుకు అప్పగిస్తారని తెలిశాక, ఆ మార్పు జరగకముందే అక్కడివారు తమ ఆరోగ్యం దెబ్బతిన్నట్టు చెప్పారు.

అందుకే వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు అందరినీ పావుగంట కూర్చోబెట్టండి. ‘నాకు తెలిసింది ఇది. ఇది తెలియదు. తెలిసినా చెప్పకూడనిది ఉంటే, చెప్పలేనని చెబుతాను’ అనండి. కొత్త సంగతి లేని వారం కూడా ఆ సమావేశం ఆపకండి. ఆపితే అదే ఇంకో పుకారవుతుంది.

ధ్యానం, యోగా మంచివే. అయితే ఇంటి రుణం వాయిదా ఎలా కట్టాలో తెలియనివాడికి ప్రాణాయామం గురించి చెబితే ఒళ్లు మండుతుంది. దానికి బదులు హెచ్‌ఆర్ వాళ్లను పిలిపించి లెక్కలు చెప్పించండి: నోటీసు కాలానికి జీతం ఎంత, ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ ఎంత, పీఎఫ్ ఎలా తీసుకోవాలి అని. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. ఇంట్లో మందులు వాడే పెద్దవాళ్లున్నవారు సొంత పాలసీ గురించి ఇప్పుడే ఆలోచించాలి. చేతిలో లెక్క ఉంటే సగం భయం తగ్గుతుంది.

తొమ్మిది దాకా కూర్చునే అతన్ని ఇంటికి వెళ్లమనండి. అంతకంటే ముందు మీరు లేవండి. లీడర్ కదలకుండా కింది ఉద్యోగి ఎక్కడ కదులుతాడు?

ఆ అమ్మాయి విషయం ఆలస్యం చేయవద్దు. నలుగురిలో కాకుండా, క్యాంటీన్‌లో ఒక పక్కగా కూర్చుని ‘ఈమధ్య దిగులుగా కనిపిస్తున్నారు, నిద్ర పడుతోందా?’ అని అడగండి. అడిగాక మీరు మాట్లాడకండి, వినండి. వారాల తరబడి నిద్ర, తిండి లేవంటే సైకియాట్రిస్టును కలవమనండి. బతకాలని లేదన్న అర్థం వచ్చే మాట ఒక్కటి వినబడినా ఒంటరిగా వదలకండి, వెంటనే ఇంట్లోవాళ్లకు తెలియజేయండి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీ పదకొండు మంది దగ్గరా ఉండాలి.

ఇక మీ సంగతి. వాళ్లతోపాటు మీ ఉద్యోగానికీ భరోసా లేదు, అయినా ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. మీ భార్య ప్రస్తావనా లేదు. ఆఫీసులో జరిగేది ఆమెకు చెప్పారా? చెప్పకపోతే ఈ ఆదివారమే చెప్పండి. చేతిలో ఎంత ఉంది, ఎన్ని నెలలు నెట్టుకురాగలం అన్నది ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి. నాన్నకు ఆఫీసులో కొంచెం ఇబ్బందిగా ఉందని, తప్పు వాళ్లది కాదని పిల్లలకూ చెప్పండి.