అను ఫాంట్ల పాత ఫైలు: మళ్లీ టైపు చేయనక్కరలేదు

నమస్కారమండీ. మీ నాన్నగారు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన వ్యాసాలను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయని, ఫైలు పాడైందేమోనని అడిగారు. ఫైలుకేమీ కాలేదు. అను ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు అక్షర భాగాలను గీస్తాయి కనుక, ఆ ఫాంటు లేని ఫోనులో అసలు స్థానాల్లోని గుర్తులే బయటపడతాయి. చదువుకోవడానికి మాత్రమే అయితే పీడీఎఫ్‌గా మార్చి పంపితే చాలు. ఫాంటు సాధారణంగా అందులోనే ఇమిడి ఉంటుంది.

అక్షరాలుగానే కావాలంటే, అను నుంచి యూనికోడ్‌కు (ఏ ఫోనులోనైనా తెలుగు సరిగా కనిపించే అక్షర పద్ధతికి) మార్చే ఉచిత కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అయితే ఆ ఫైలు అను 6వ వెర్షనుదో, 7వ వెర్షనుదో ముందుగా తేల్చుకొని, ఒక్క పేరాతో పరీక్షించి చూడండి. వ్యాసం మధ్యలో ఇంగ్లిషు మాటలుంటే కన్వర్టరు వాటినీ తెలుగు ముక్కలే అనుకొని అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది కాబట్టి, వాటిని ముందే తీసి పక్కన పెట్టుకోవడం మేలు. మార్చిన తర్వాత ఒత్తులను, పొల్లు హల్లులను మూలంతో పోల్చి దిద్దుకోవాలి. నిజానికి ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. పాత ఫైలును మాత్రం తొలగించకండి.